మూసీ ఒడ్డున ఒక చింతచెట్టు



హైదరాబాదు నగరమునకు వచ్చెడు మన పల్లెటూరివారు చూచి పోవు స్థలములు కొన్ని గలవు. చార్మినారు చూతురు. సాలార్‌జంగు వస్తుశాల చూతురు. పిల్లలు వెంటనున్నచో జంతు ప్రదర్శనశాలకు పోవుదురు. ఈ సాయంకాలము నేను మీకు చెప్పదలచినది వీనిలో నేదియును గాదు. టిక్కెట్టు కొనకుండ చూడదగిన యొక చెట్టును గూర్చి. అది చింతచెట్టు. మన యూళ్లలో చెఱువుకట్టమీదను, చావడి యెదుటను నిలిచియుండు చింతచెట్టు వంటిదే. నాలుగు వందల యేండ్లకు పైబడినదని దానిని గూర్చి చెప్పుదురు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో, మూసీనది వైపుననున్న అఫ్జల్ పార్కు అను తోటలో నది నిలిచియున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ సోమవారమునాడు ఆ చెట్టు కొమ్మల నెక్కి రమారమి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. వారి చుట్టును వేలమంది కొట్టుకొనిపోయిరి.

రైలులో వచ్చువారు నాంపల్లి స్టేషనులో దిగుదురు గదా. అచ్చటినుండియే మొదలుపెట్టుదము. ఆ స్టేషను 1907లో కట్టబడినది. అనగా ఆ వఱదకు ఒక్క యేడాది ముందు. స్టేషనునకు కొంచెము ఉత్తరముగా బాగె-ఆం అను పబ్లిక్ గార్డెన్సు కలదు. నది అచ్చటికి దూరము, నేల మెఱక. నాంపల్లి మెఱకమీదినుండి ఆబిడ్సునకు వచ్చి, అచ్చటినుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా అఫ్జల్‌గంజునకు నడచువాడు, తనకు తెలియకయే, నదివైపునకు మెల్లగా దిగుచుండును. బండ్ల రద్దీలో ఆ వాలు కంటికి కానరాదు. వాననాడు మాత్రము రోడ్డుమీది నీరు ఏ దిక్కునకు పాఱుచున్నదో చూచినచో చాలును. పొలము గట్టుమీద నిలిచి నీటి పాఱుదలను గుర్తింపగల మీకు నేను దీనిని వివరింప బనిలేదు.

ఆబిడ్సు అను పేరు ఎట్లు వచ్చినదని యెవరైన నడిగినచో చెప్పుటకు ఒక మాట. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖానుగారి కొలువులో ఆబిద్ అను ఆర్మీనియా దేశస్థు డుండెను. నిజాముగారి దుస్తులు మొదలైనవి చూచుట ఆయన పని. ఆయన యిచ్చట నొక దుకాణము పెట్టెను. దుకాణము పోయినది, పేరు మిగిలినది. ఇదే ఆబిడ్సులో 1891లో ఆసఫియా గ్రంథాలయము స్థాపింపబడెను. అది 1936లో ఇచ్చటినుండి అఫ్జల్‌గంజులో నది యొడ్డున కట్టిన గొప్ప భవనమునకు తరలినది. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయ మదియే. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను. నదిచే నాశనమైన వీధులకు ఇరువది యెనిమిదేండ్లలో పుస్తకములను తీసికొనిపోయి పెట్టిరనిన, ఆ నది ఇక లొంగినదని పాలకులకు ఎంత నమ్మకము కుదిరియుండవలెనో యోచింపుడు. ఆ నమ్మకము ఎట్లు కలిగినది, అది ఎంతవఱకు చెల్లును అనునదియే నేటి నా ప్రసంగములోని ముఖ్య విషయము.

ముందుగా వఱద సంగతి.

మూసీనది వికారాబాదు చేరువనున్న అనంతగిరి కొండలలో పుట్టినది. ముచుకుంద అని దాని పాతపేరు. తూర్పుగా పాఱి, నగరము నడుమనుండి సాగి, నల్లగొండసీమలో వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. నగరమునకు పడమట లంగర్‌హౌజు చెంత ఈసీ యను ఉపనది దానితో కలియును. ఆ సంగమము చెంతనే బాపూఘాటు కలదు. ఏడాదిలో హెచ్చుభాగము ఈ నది మోకాలిలోతు దాటదు. అట్టి నదిని జూచి ఎవరు భయపడుదురు? ఇండ్లు ఒడ్డునకును, ఒడ్డునుండి ఇసుక తిన్నెలవఱకును దిగి వచ్చినవి. చిన్న నదులతో ప్రమాద మిదియే. కృష్ణా గోదావరుల యొద్ద మనుష్యుడు జంకుతో నుండును. వాగును మాత్రము లెక్కచేయడు.

1908 సెప్టెంబరు చివర, మూడునాళ్లు ఎడతెగని వాన కురిసెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.90 అంగుళములు కురిసినట్లు లెక్కకెక్కినది. అంగుళమనిన నెంత నీరో మన కన్నులకు కట్టదు కావున ఇట్లు చెప్పెదను. ఒక్క చదరపు మైలు నేలపై ఒక్క అంగుళము వాన నిలిచినచో, అది 23 లక్షల ఘనపుటడుగుల నీరగును. నగరమునకు ఎగువన మూసీనదికి నీరు తెచ్చు నేల 862 చదరపు మైళ్లు. నేల కొంత త్రాగును, చెట్టు చేమ కొంత ఆపును. కాని రెండవనాటికి నేల తడిసి ముద్దయైన పిదప త్రాగుట యెక్కడిది? పడిన చినుకు పడినట్లే వాగున దిగును.

ఇంతవఱకు వాన యొక్క పని. ఇక చెఱువుల సంగతి చెప్పవలెను. దీనిని మీరు శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను, ఏలననగా నగరవాసులకంటె మీ కిది యెక్కువగా తెలియును.

ఆ 862 చదరపు మైళ్లలో 788 చెఱువు లుండెను. చదరపు మైలునకు దాదాపు ఒకటి. కాకతీయులనాటినుండి మన తెలంగాణమున చెఱువులను గొలుసుకట్టుగా త్రవ్వుట వాడుక. పైచెఱువు మత్తడి పాఱిన నీరు క్రిందిచెఱువునకు, దాని మత్తడి నీరు ఇంకొక దానికి. సామాన్య సంవత్సరములలో ఇంతకంటె తెలివైన యేర్పాటు వేఱొకటి లేదు. వాననీటిలో నొక్క బొట్టు వృథాపోదు. ఒక చెఱువు ఇంకొక చెఱువునకు అండ. కాని గొలుసులో నొక గుణ మున్నది. పై చెఱువుకట్టకు గండిపడినచో, నెలల తరబడి నిలువయుండిన నీరంతయు ఒక్క గడియలో క్రిందిచెఱువుమీద పడును. అప్పటికే నిండి మత్తడి దుముకుచున్న క్రిందిచెఱువు దాని నోర్వలేదు. అదియు తెగును. ఇప్పుడు మూడవదానిమీదికి రెండు చెఱువుల నీరు వచ్చును. ఇట్లు 788 చెఱువులలో 221 చెఱువులు తెగినవి. నగరమునకు వచ్చినది కేవలము ఆనాటి వాన కాదు. రెండువందల ఇరువదియొక్క చెఱువుల కడుపులోని నీరు కూడ దానితో గలిసి వచ్చినది. ఆ ఉధృతి సెకండునకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగులని తరువాత ఇంజనీర్లు అంచనా కట్టిరి.

చెఱువులే ఈ నాశనమునకు మూలమని యనువా రప్పుడు నుండిరి, ఇప్పుడు నున్నారు. నే నా మాట నంగీకరింపను. తెగక నిలిచిన 567 చెఱువులు తమ వంతు నీటిని ఆపియే యుంచినవి గదా. అవియును లేకుండిన నగరములో నేమి మిగిలియుండెడిదో! తప్పు చెఱువుది కాదు. కట్టలో ఎలుకబొఱియ పడినపుడు పూడ్చనివానిది, తూము మూసికొనిపోయినపుడు పట్టించుకొననివానిది, మత్తడి వెడల్పు చాలనిదని తెలిసియు ఊరకుండినవానిది. నీరటికాడు రాత్రివేళ లాంతరు పట్టుకొని కట్టమీద తిరిగినచో ఊరంతయు నిద్రపోవచ్చును. నీరటికాడే నిద్రపోయినచో?

ఆ సోమవారము తెల్లవారకముందే నీరు ఒడ్డులను మీఱినది. ఆనాడు నదిమీద నాలుగు వంతెన లుండెను. వానిలో అఫ్జల్‌గంజు వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన దెబ్బతిని తెగినవి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ మాత్రము గాయపడియు నిలిచెను. మూడువందల ముప్పదియేండ్ల పాతవంతెన నిలిచి, కొత్తవి పోవుట వింతగా తోచును గాని, దాని కమానుల దిట్టతనము నేడు పోయి చూచినచో వింత తీఱును. నదిప్రక్కనున్న కోటగోడకు గండ్లు పడి నీరు పాతనగరములోనికి దూకెను. అఫ్జల్‌గంజు ఆసుపత్రి నది యొడ్డుననే యుండెను. మంచములమీదనున్న రోగులు ఎచ్చటికి పరుగెత్తగలరు? కోల్సావాడీ అను నొక్క వాడలోనే రమారమి 2 వేలమంది పోయిరని లెక్కలు చెప్పుచున్నవి. నగరమంతటిలో మరణించినవారు 10 వేలనుండి 15 వేలవఱకు నుందురు. ఇండ్లు పడినవి 19 వేలు. నిలువనీడ లేనివారైరి 80 వేలమంది.

ఈ యంకెలను చదువుట సులభము. ఒక్క మనిషి సంగతి చెప్పెదను. రుబాయీలకు పేరొందిన ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ అప్పుడు యువకుడు. ఆ వఱదలో ఆయన తల్లియు, భార్యయు, కుమార్తెయు ఆయన కన్నులయెదుటనే పోయిరి. ఆయన మిగిలెను. ఆ పిదప అర్ధశతాబ్దమునకు పైగా జీవించి 1961లో గతించెను. వఱద యొక్క దినములో వచ్చి యొక దినములో పోవును. అది మిగిల్చిన మనుష్యులు మాత్రము ఇట్లు ఏండ్లతరబడి దానిని మోయుదురు.

నిజాము మహబూబ్ ఆలీఖానుగారు తమ హవేలీల తలుపులు తెఱపించి, నిరాశ్రయులకు వంటశాలలు పెట్టించిరి. ఆయన నది యొడ్డునకు వచ్చి, హిందూ ఆచారము చొప్పున గంగమ్మకు చీర, గాజులు, పసుపు కుంకుమలు సమర్పించి హారతి యిచ్చెననియు, నీరు వెనుకకు తగ్గెననియు నగరమున పెద్దలు నేటికిని చెప్పుకొందురు. నీరు తగ్గుట ఎగువ వాన నిలిచినందుననే యగును. కాని ప్రజల మతముతో తన కష్టసుఖములను గలుపుకొన్న ప్రభువును ప్రజలు ఎట్లు జ్ఞాపక ముంచుకొందురో ఆ కథ చెప్పుచున్నది.

ఇక చెట్టు సంగతి. నగరములో రాతిగోడలు కూలినవి, వంతెనలు తెగినవి. ఒక చింతచెట్టు నిలిచినది. దేవుని మహిమ యనువారి మాటను నేను కాదనను. అయినను చెట్టు స్వభావమును గూర్చియు కొంత చెప్పవచ్చును. చింత వేరు లోతుగా దిగును. పైకొమ్మలు ఎంత పెనుగాలికైనను వంగునే గాని సామాన్యముగా విఱుగవు. పాతచింత మాను మొదలు కొందఱు చేతులు కలిపినను అందనంత లావుగా నుండును. గోడ నీటికి అడ్డుగా నిలిచి దాని బరువంతయు తనపై వేసికొనును. చెట్టు నీటిని రెండు ప్రక్కలకు చీల్చి పోనిచ్చును. మఱియొక సంగతి: చింతకొమ్మ చేతి కందునంత క్రిందినుండియే మొదలగును, కావున ముసలివారు, స్త్రీలు, బిడ్డ నెత్తుకొన్నవారు సైతము ఎక్కగలరు. తాడి యంత యెత్తైనను వారికి పనికి రాదు గదా. చింతచెట్టున దయ్యము లుండుననియు, రాత్రి దానిక్రింద పండుకొనరాదనియు మన యిండ్లలో చిన్ననాటనుండి వినుచున్నాము. ఆనాడు 150 మంది దానిపైననే బ్రతికిరి. ఈ సంగతిని దయ్యముల కథ చెప్పెడు అవ్వలకు మీరు చెప్పవలెను.

వఱద తగ్గిన పిదప ఏమి చేయవలెను అను ప్రశ్న పుట్టెను. బొంబాయి ప్రభుత్వ కొలువునుండి విరమించి విదేశయాత్రలో నుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి నిజాము ప్రభుత్వము కబురంపెను. మోక్షగుండ మనునది మన తెలుగుసీమలోని గ్రామము. ఆయన పూర్వుల యూరు. 1909లో ఆయన వచ్చి, ఎగువ పల్లెలన్నిట తిరిగి, తెగిన చెఱువుల లెక్క తీసి, ఆ యేడు అక్టోబరులో తన నివేదిక నిచ్చెను. నగరమును వెనుకకు జరుపు డని ఆయన చెప్పలేదు. ఒడ్డున పెద్దగోడ కట్టి సరిపెట్టు డనియు చెప్పలేదు. నదిని నగరములోనికి రాకముందే, పైన పట్టి యాపవలె ననెను. మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి, రెండు జలాశయములు. వచ్చు నీటిని వానిలో పట్టి, క్రింది నది యోర్వగలిగినంత మాత్రమే వదలుట. నగరములో నది యొడ్డులను పెంచి సరిచేసి, వానిపై బాటలును తోటలును వేయుట.

ఇందులో నొక చిక్కున్నది. త్రాగునీటికై కట్టిన చెఱువు ఎప్పుడును నిండియుండవలెను. వఱద నాపుటకై కట్టిన చెఱువు ఎప్పుడును ఖాళీగా నుండవలెను. ఒక్క చెఱువే ఈ రెండు పనులను ఎట్లు చేయును? క్రిందిభాగమున త్రాగునీరు నిలిపి, పైభాగమును వఱదకై విడిచియుంచుటయే దానికి మార్గము. ఇంటిలో గాదె నిండుగా నున్నను, అకస్మాత్తుగా వచ్చు బంధువులకై ఒక గది ఖాళీగా నుంచినట్లు. ఆ ఖాళీగదిని చూచి, ఊరక పాడుపడుచున్నదని అందు సామాను నింపుకొను ఇల్లాలు ఉండకపోదు. ప్రభుత్వములును అంతే.

మూసీమీది ఉస్మాన్‌సాగరు 1920లో పూర్తియైనది. గండిపేట చెఱువని జను లందురు. ఈసీమీది హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనది. నగరమును బాగుచేయుటకు 1912లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ ఆలీఖానుగారి కాలమున, నగరాభివృద్ధి మండలి యేర్పడెను. 1911లో వచ్చిన ప్లేగు కూడ దానికి కారణము. ఇఱుకుసందులను కొట్టివేసి, వెడల్పు వీధులను, గాలి వెలుతురు గల యిండ్లను ఆ మండలి కట్టించినది. నాంపల్లినుండి వచ్చు త్రోవలో మొజంజాహి మార్కెట్టు చూతురు గదా, గడియారపు బురుజుతో నల్లరాతి కట్టడము. 1935 నాటి ఆ కట్టడము ఆ మండలి పనియే. ఏడవ నిజాము రెండవ కుమారుడగు మొజంజా ఆ మండలికి అధ్యక్షుడు గావున ఆయన పేరు దానికి వచ్చినది. మనుమలు వెంట నున్నచో అచ్చట ఐస్‌క్రీము కొనిపెట్టక ముందునకు కదలనీయరు.

నది యొడ్డున ఉత్తరపు దరిని ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు దరిని హైకోర్టు. ఎదురెదురుగా నిలిచిన ఈ రెండు భవనములును వఱద తరువాతివే. ఆసుపత్రిని 1925 ప్రాంతమున పూర్తిచేసిరి. విన్సెంట్ ఈష్ అను ఆంగ్లేయ శిల్పి దానిని రూపొందించెను. కొట్టుకొనిపోయిన ఆసుపత్రి స్థానమున, ఆ చెట్టు ప్రక్కనే, కొత్త ఆసుపత్రి లేచినదన్నమాట.

నేను పోయినది ఒక మధ్యాహ్నము. ఆసుపత్రి ద్వారమున కావలివాడు, "ఏ రోగికొఱకు వచ్చినారయ్యా?" అని యడిగెను. చెట్టును చూడవచ్చితి నంటిని. ఆయన యొక్క క్షణము నన్ను చూచి, చేయి చాచి దారి చూపెను. చెట్టు క్రింద పల్లెలనుండి వచ్చిన రోగుల బంధువులు దుప్పట్లు పఱచుకొని కూర్చుండియుండిరి. ఒక పెద్దమ్మ సద్దిమూట విప్పుచుండెను. ఆ చెట్టును గూర్చి తెలియునా యని అడిగితిని. "నీడ బాగున్నదయ్యా" అనెను. ఆమె చెప్పినదియు నిజమే. వఱదను గూర్చి చెప్పు ఫలక మొకటి అచ్చట గలదు. చదువుటకు తీరిక గలవారు అచ్చటికి వచ్చుట తక్కువ. సెప్టెంబరు 28వ తేదీన మాత్రము నగరములోని కొందఱు పెద్దలు అచ్చట గూడి, మృతులను తలంచుకొని, చెట్టునకు కృతజ్ఞత దెలుపుట గలదు.

ఇతర దేశములలో నిట్టివానిని ఎట్లు కాపాడుచున్నారో ఒక్క యుదాహరణము. జపాను దేశమున రికుజెన్‌తకాత అను సముద్రతీర పట్టణము గలదు. దాని తీరమున దాదాపు 70 వేల దేవదారుజాతి చెట్లతోపు ఉండెను. 2011 మార్చి 11న భూకంపము వచ్చి, సముద్రము ఉప్పెనయై లేచి ఆ పట్టణమును ముంచెను. 1,700కు పైగా జనులు పోయిరి. 70 వేల చెట్లలో ఒక్కటి మాత్రము నిలిచినది. కాని ఉప్పునీటిచే వేళ్లు కుళ్లి 2012లో అదియు చనిపోయెను. జపానువారు దానిని పడనీయక, లోపల దూలము నిలిపి, కొమ్మలను కృత్రిమముగా చేసి, మరల నున్నచోటనే నిలిపిరి. దాని చుట్టును స్మారక వనమును, జ్ఞాపక శాలను కట్టిరి. సముద్రమువైపున 12 మీటర్లకు మించిన గోడ లేపిరి. వనమునకు వచ్చువాడు ముందు పాడుపడిన భవనమును చూచి, తరువాత చెట్టును చూచి, పిదప గోడయెక్కి సముద్రమును చూచును. ఏది వచ్చినది, ఏది పోయినది, ఏది మిగిలినది అన్నియు నడకలోనే తెలియును. వారిది చచ్చిన చెట్టు. మనది బ్రతికిన చెట్టు. వారికున్న వనము మనకు లేదు. మన తీరమున దివిసీమలో 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో 10 వేలకు పైగా పోయినపుడును, చెట్టు కొమ్మలు పట్టుకొని బ్రతికినవారు పలువురు. ఆ చెట్లలో ఏవి మిగిలినవో ఎవరు గుర్తు పెట్టిరి?

ఇక నేను మొదట చెప్పిన నమ్మకము సంగతి. రెండు జలాశయములు కట్టిన పిదప 1908 నాటి వంటి వఱద మరల నగరమునకు రాలేదు. ఇది సామాన్యమైన ఫలితము కాదు. ఉస్మాన్‌సాగరులో పూర్తిమట్టమువఱకు పట్టు నీరు దాదాపు 390 కోట్ల ఘనపుటడుగులు, హిమాయత్‌సాగరులో దాదాపు 297 కోట్లు. రెండును పూర్తిగా ఖాళీగా నున్నవనుకొందము. 1908 నాటి గరిష్ఠ వేగమున నీరు వచ్చినచో అవి నిండుటకు ఎంతసేపు పట్టును? లెక్క కట్టి చూచితిని. సుమారు నాలుగున్నర గంటలు. ఆ ఉధృతి అంతసేపు ఒకే తీరున నిలువదు, గేట్లు ఎత్తి కొంత వదలుచుండవచ్చును, నిజమే. కాని వానకాలము చివర ఆ చెఱువులు ఖాళీగా నుండవు గదా. ఖాళీగది యెంత మిగిలియున్నదో దానినిబట్టియే రక్షణ.

క్రిందను అంతే. జలాశయము వదలిన నీరు సాగుటకు నదికి చోటు కావలెను. జలాశయములు వచ్చిన పిదప మూసీ మరల మోకాలిలోతు నదియైనది. జనులు మరల దిగి వచ్చిరి. మీలో చాలమంది దిగెడు మహాత్మాగాంధీ బస్సుస్టేషను కూడ నది నడిమిగడ్డమీదనే కట్టబడినది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయముల గేట్లెత్తగా, ఆ బస్సుస్టేషనులోనికి నీరు వచ్చి, రాత్రివేళ ప్రయాణికులు చిక్కుపడిరి. జలాశయములకు నీరు తెచ్చు నేలను కాపాడుటకు 1996లో 111వ ఉత్తరువు వచ్చి, 84 గ్రామములలో కట్టడములను కట్టుదిట్టము చేసినది. 2022లో ప్రభుత్వము ఆ కట్టుబాట్లను సడలింప నిశ్చయించెను. ఆ గ్రామములవారి కష్టము నాకు తెలియును. ప్రక్క యూరి భూమి కోట్లు పలుకుచుండగా తన భూమి పలుకకున్నచో ఎవరికి బాధ కలుగదు? నగరమును కాపాడుటకు పల్లె నష్టపోవలెననినచో, ఆ నష్టమును నగరము పంచుకొనుట న్యాయము. అది చేయక ఉత్తరువును వదలుట నాకు సమ్మతము గాదు.

ఆసుపత్రి పాతభవనమునకే యీ మాట తగిలినది. 2020 జూలైలో వాననీరు వార్డులలోనికి రాగా రోగులను తరలించి ఆ భవనమును మూసివేసిరి. 2025 జనవరిలో, నాంపల్లికి దగ్గరనున్న గోషామహలులో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేసిరి. నది యొడ్డునుండి మెఱకకు, నూటపదియేడేండ్లకు, ఆసుపత్రి తిరుగుమొగము పట్టినది. చెట్టు పోలేదు, పోజాలదు.

మీరు నగరమునకు వచ్చినపుడు నాంపల్లి స్టేషనునుండి ఆ చెట్టువఱకు నడచినచో మైలున్నర యుండును. ఎండ తగ్గిన వేళ మంచిది. వెనుకకు వచ్చునపుడు కొంచెము ఎగుడు, తొందరపడవద్దు. చెట్టు మొదట నిలిచి తల యెత్తి చూడుడు. ఎంత యెత్తువఱకు ఎక్కినచో ప్రాణము దక్కియుండునో కొమ్మలు చూచి లెక్కింపుడు. మా బృందములోని యొక రైతు అట్లు చూచి, ఏమియు ననక, ఇంటికి పోయిన వెంటనే తన యూరి చెఱువు తూము తలుపు చూడవలెనని ప్రక్కనున్న తమ్మునితో చెప్పెను.